గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ తెలుగువాళ్ల పాత కాగితాలు: ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి, ఎలా దాచాలి

#1 వంశధార

అందరికీ నమస్కారం. బరంపురం నుంచి పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం మీదుగా రాయగడ దాకా తెలుగు ఇళ్లలో ఉన్న పాత కాగితాలకు ఒక జాబితా కట్టే పని మొదలైంది. కవిలె కట్టలు (ఊరి కరణాల లెక్కలు), దస్తావేజులు, కొట్టు చిట్టాలు, శుభలేఖలు, ఫొటోలు, తాటాకు పుస్తకాలు, ఏది దొరికినా అందులోకి ఎక్కుతుంది. అసలు కాగితం ఆ ఇంట్లోనే ఉంటుంది, మేం ఫొటో, వివరం మాత్రమే తీసుకుంటాం. ప్రతి కాగితానికీ సర్కారు రికార్డుల్లో జత ఎక్కడ దొరకవచ్చో కూడా పక్కన రాయాలని ఉంది. ఒకే ఊరికి సంబంధించినవి చెన్నైలో కొన్ని, భువనేశ్వర్‌లో కొన్ని, శ్రీకాకుళం వైపు కొన్ని ఉంటున్నాయి. ఏది ఎక్కడ వెతకాలో తెలుసుకునే పద్ధతి ఎవరైనా చెప్పగలరా?

#2 దస్తావేజు

వంశధార గారూ, ఊరి పేరు తర్వాత చూద్దురు గాని, ముందు కాగితం మీది తారీఖు చూడండి. ఆ రోజున ఆ ఊరు ఏ కచేరీ కింద ఉండేదో దాన్నిబట్టే వెతకాలి. ఇవాళ ఏ రాష్ట్రంలో ఉందనేది దాని తర్వాతి ప్రశ్న.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడింది. అంతకుముందు గంజాం జిల్లా మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలోది, కలెక్టరు కచేరీ ఛత్రపురంలో. ఆ రోజు నుంచి బరంపురం, ఆస్కా, ఘుమసర, పర్లాకిమిడి పట్నం ఒడిశాకి వెళ్లాయి. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది, ఒక ముక్క మద్రాసులో ఉండిపోయింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం వైపు భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. అంటే ఇచ్ఛాపురం పక్క ఊరికి 1936 దాకా గంజాం, 1950 దాకా విశాఖపట్నం, ఆ తర్వాత శ్రీకాకుళం. మూడు జిల్లాల పేర్లూ జాబితాలో ఉండాలి.

ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. గుణుపురం, రాయగడ, జయపురం 1936కు ముందు గంజాంలోవి కావు, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోవి. పర్లాకిమిడి లైట్ రైల్వే 1900లో మొదలై 1931 నాటికి గుణుపురం చేరింది. ఒకే రైలు మీద తిరిగిన కుటుంబమే అయినా పర్లాకిమిడి కాగితం గంజాం కట్టలో, గుణుపురం కాగితం విశాఖపట్నం కట్టలో ఉంటుంది. 1936లో కొరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి, కొరాపుట్ నుంచి రాయగడ, నవరంగపురం, మల్కనగిరి విడిపోయాయి. 1992 ముందటి రాయగడ ఫైలు కోసం కొరాపుట్ రికార్డు రూం కూడా అడగాలి.

1936కు ముందటి ప్రభుత్వ స్థాయి కాగితాలకి మొదటి చోటు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా పెట్టినది అదే. తర్వాతి వాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్, జిల్లా రికార్డు రూములు. 1936కు ముందు మొదలై ఆ తర్వాత కూడా నడిచిన ఫైలైతే రెండు చోట్లా వెతకండి. ఒక చోట లేదన్నారని వదిలేయకండి.

#3 కరకంబాడు

ఎగ్మూరులో ఊరి పేరుతో అడిగితే పని జరగదు. అక్కడ వెతుకులాట ఇలా నడుస్తుంది. ముందు ఆ ఏడాది ఇండెక్సు వాల్యూం తెప్పించుకోవాలి. అందులో జమీందారీ పేరు, తాలూకా పేరు, విషయం (ఇనాం, పోరంబోకు, చెరువు, పన్ను) కింద చూడాలి. దొరికిన వరసలో జీవో నంబరు, శాఖ, తారీఖు ఉంటాయి. బోర్డు ఆఫ్ రెవెన్యూ అయితే బీపీ (బోర్డు ప్రొసీడింగ్స్) నంబరు. ఈ మూడూ పూర్తిగా రాస్తేనే కట్ట బయటికి వస్తుంది. నంబరు మాత్రమే రాసి శాఖ వదిలేస్తే అదే నంబరుతో వేరే శాఖ జీవో వస్తుంది.

పర్లాకిమిడి ఎస్టేటు 19వ శతాబ్దంలో చాలాకాలం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (జమీందారు మైనరో, అసమర్థుడో అయితే సర్కారే ఎస్టేటు నడిపే ఏర్పాటు) కింద నడిచింది. ఆ కాలానికి మామూలు రెవెన్యూ వరసతో ఆగకుండా కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వరస కూడా చూడాలి. ఏజెన్సీ ఊళ్ల భూతగాదాలకు మామూలు సివిల్ కోర్టు రికార్డు వెతకడం వృథా. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలు గవర్నరు ఏజెంటు చేతిలోకి వెళ్లాయి. వ్యాజ్యాలు కూడా ఏజెంటు కోర్టులోనే నడిచాయి.

ఇంట్లో దొరికిన పాత కచేరీ ఉత్తరం మీద ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని ఏం రాసుందో చూడండి. ఆర్.డిస్. అంటే ఆ ఫైలు శాశ్వతంగా ఉంచాల్సింది, వెతకడానికి అర్థం ఉంది. డి.డిస్. అంటే 10 ఏళ్ల తర్వాత తీసేయాల్సింది. ఎల్.డిస్. అంతకన్నా తక్కువ కాలం. ఆ రెండు రకాలూ అయితే మీ ఇంట్లో ఉన్న కాగితమే మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు. వాటిని ముందు ఫొటో తీయండి.

#4 వంశధార

ఇది చాలా ఉపయోగపడింది. జాబితాలో "డిస్పోజల్ గుర్తు" అని ఒక గడి పెడుతున్నాను. ఇంకొక ప్రశ్న. చాలా ఇళ్లలో "మాది ఇనాం భూమి, ఐఎఫ్ఆర్‌లో ఉంటుంది" అంటారు. జమీందారీ ఊళ్లకి కూడా ఐఎఫ్ఆర్ (ఇనాం ఫేర్ రిజిస్టరు) ఉంటుందా?

#5 దస్తావేజు

కొన్నిటికే. ఇనాం కమిషన్ 1858లో మొదలైంది. ఇనాం ఫేర్ రిజిస్టరులో ఇనాం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పటి అనుభవదారు పేరు, వయసు, వారసులు, టైటిల్ డీడు నంబరు ఉంటాయి. వంశవృక్షం కట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి కాగితం అరుదు. కానీ శాశ్వత పైసలా (జమీందార్ల శిస్తు శాశ్వతంగా ఖాయం చేసిన 1802 రెగ్యులేషన్) జరిగేనాటికే ఉన్న ఇనాములే కమిషన్ ముందుకు వచ్చాయి. ఆ తర్వాత జమీందారు తన భూమిలోంచి ఇచ్చినవి అందులో ఉండవు. వాటికి ఎస్టేటు కాగితాలు, జమీందారు ఇచ్చిన పట్టా, లేదా 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు కింద నడిచిన కేసులు చూడాలి. ఐఎఫ్ఆర్‌లో పేరు దొరకలేదు కాబట్టి ఇనాం అబద్ధం అనుకోకూడదు.

ఇక సబ్ రిజిస్ట్రీ. దస్తావేజు ఫొటో తీసేవాళ్లు ముందువైపు ఒక్కటే తీసి ఊరుకుంటారు. వెనకవైపు కూడా తప్పకుండా తీయాలి. ముందువైపు ఒప్పందం ఉంటుంది, మనుషుల వివరం వెనకే ఉంటుంది. దస్తావేజు ఏ రోజు, ఏ గంటకు దాఖలు చేశారు, రాసిచ్చినవాడి తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం, అతన్ని ఎరుగుదుమని సంతకం పెట్టిన ఇద్దరు, వేలిముద్రలు, చివర "1 పుస్తకం, ఫలానా వాల్యూం, ఫలానా పేజీలు, ఫలానా సంవత్సరం నంబరు". స్థిరాస్తి 1వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో, మిగతావి 4వ పుస్తకంలో ఎక్కుతాయి. పేర్ల సూచిక ఇండెక్సు 1, ఆస్తి సూచిక ఇండెక్సు 2. నంబరు, ఏడాది, సబ్ రిజిస్ట్రీ పేరు ఉంటే నకలు అడగడం తేలిక. ముద్ర మీది సబ్ రిజిస్ట్రీ పేరు అక్షరం పొల్లు పోకుండా రాయండి. 1936 తర్వాత ఊరు ఒక రాష్ట్రంలో, దాని పాత పుస్తకం ఇంకో రాష్ట్రంలో పడిన చోట దారి చూపేది ఆ ముద్రే.

స్టాంపు కాగితం అంచున వెండరు రాసిన వరస కూడా పోనివ్వకండి. కొన్న తారీఖు, కొన్నవాడి పేరు, విలువ అందులో ఉంటాయి. చెక్కుబందీలో నాలుగు దిక్కుల పొలాలవాళ్ల పేర్లన్నీ జాబితాలోకి ఎక్కించండి. ఒక వీధిలోని 20 దస్తావేజుల చెక్కుబందీలు పక్కపక్కన పెడితే ఆ వీధి పటం తయారవుతుంది.

#6 తాటాకు

పైవన్నీ దొరికాక చదవడం అనే మెట్టు ఉంది. పాత చేతిరాతలో ఎక్కువమంది పొరపడేది వలపలగిలక దగ్గర. ఇప్పుడు "తూర్పు" అని రాసేదాన్ని "తూపు౯" అని రాసేవారు. చివరి గుర్తు ర-కారపు పొల్లు, చూడడానికి తెలుగు తొమ్మిదిలా ఉంటుంది. చెక్కుబందీలో "తూపు 9" అని ఎక్కించిన జాబితాలు ఉన్నాయి. "ధమ౯ము", "పూవ౯ము", "కతా౯" అన్నీ ఇదే కోవ. సూత్రం ఇది: మాట చివర లేదా నడుమ ౯ వస్తే, దాన్ని ముందు అక్షరం మీది రేఫగా చదివి చూడండి. మాట కుదిరితే అది అంకె కాదు.

చిట్టాల్లో డబ్బు లెక్క ఇంకా కష్టం. రూపాయల అంకె తర్వాత గీతలు ఉంటాయి. నిలువు గీత ఒక్కొక్కటి పావు, అంటే 4 అణాలు. అడ్డ గీత ఒక్కొక్కటి వీసం, అంటే 1 అణా. "౫" తర్వాత రెండు నిలువు, మూడు అడ్డం ఉంటే 5 రూపాయల 11 అణాలు. గీతలు మూడుకు మించవు, నాలుగో పావుకి రూపాయే పెరుగుతుంది, నాలుగో వీసానికి నిలువు గీతే పెరుగుతుంది. నాలుగు అడ్డ గీతలు కనబడితే ఒకటి కొట్టివేత గాని, కాగితం మడత గాని అయి ఉంటుంది. యూనికోడ్‌లో ఈ గుర్తులు ఉన్నాయి: నిలువువి ౹ ౺ ౻, అడ్డం ౼ ౽ ౾. మూలం ఎక్కించేటప్పుడు గుర్తునే ఎక్కించి, పక్క గడిలో మామూలు అంకెల్లో రాయండి. గుర్తు వదిలేసి లెక్క మాత్రమే రాస్తే తప్పు చదివినప్పుడు సరిదిద్దే దారి ఉండదు.

సిరా వెలిసిన చోట ౦, ౧ కలిసిపోతాయి. సున్న అడుగు చెరిగితే ఒకటిలా కనబడుతుంది. అదే పేజీలో అడుగున వేసిన మొత్తంతో కూడి చూసుకోవాలి. చిట్టాలో తేలకపోతే ఆవర్జాలో అదే పద్దు ఆసామీ ఖాతా కింద మళ్లీ ఉంటుంది.

#7 సున్నియా

తారీఖుల గురించి కూడా రాయండి తాటాకు గారూ. మా దగ్గరి పట్టికలో "అంకం 25" అని ఉన్నవన్నీ రాజు పట్టాభిషేకానికి 25 కలిపి ఎక్కించారు.

#8 తాటాకు

అది తప్పు, మొత్తం సరిచేయాలి. అంక సంవత్సరం (ఒడియా రాజుల ఏలుబడి ఏళ్ల లెక్క) వరస అంకెలు కాదు. మొదటి ఏడు 2తో మొదలవుతుంది. 6తో ముగిసేవి, 0తో ముగిసేవి లెక్కలోకి రావు, 10 ఒక్కటి మినహా. అంటే 1, 6, 16, 20, 26, 30, 36 ఉండవు. 25వ అంకం దాకా పోయినవి 1, 6, 16, 20, మొత్తం నాలుగు. కాబట్టి 25వ అంకం అంటే ఏలుబడిలో 21వ ఏడు. ఏడు మారేది ఉగాదికి కాదు, భాద్రపద శుద్ధ ద్వాదశికి, సున్నియా రోజున. ఇంకో చిక్కు ఉంది. గంజాంలో పూరీ రాజు అంకం ఒక్కటే వాడలేదు. పర్లాకిమిడి, పెద్ద కిమిడి, చిన్న కిమిడి రాజులకు వారి వారి అంకాలు వేరుగా నడిచాయి. కాగితం ఏ ఎస్టేటుదో తేలకుండా అంకాన్ని ఇంగ్లీషు ఏడుకి మార్చకండి. పట్టికలో అంకం ఉన్నది ఉన్నట్టు రాసి, ఇంగ్లీషు ఏడు గడి ఖాళీగా ఉంచడం నయం.

మిగతావి తేలిక. ఫసలీకి (రెవెన్యూ లెక్కల ఏడుకి) 590 కలిపితే ఇంగ్లీషు ఏడు వస్తుంది, కానీ ఫసలీ మొదలయ్యేది జూలై 1న. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. 1936 గీత ఆ ఫసలీ మధ్యలో పడుతుంది, కాబట్టి ఫసలీ 1345 లెక్కలు రెండు ప్రభుత్వాల కింద వెతకాల్సినవే. శాలివాహన శకానికి 78 కలపాలి. "శక 1790" చూసి 1790 అని ఎక్కించినవాళ్లున్నారు. అది 1868-69, విభవ నామ సంవత్సరం. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే 60 ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. అప్పుడు తిథి, వారం రెండూ కుదిరే ఏడు ఏదో పంచాంగంలో చూసి తేల్చాలి.

#9 సవర_గట్టు

జాబితాలో "భాష" గడి పక్కన "లిపి" గడి వేరుగా పెట్టండి. ఈ జిల్లాల్లో ఆ రెండూ ఒకటి కావు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర వాచకాలను తెలుగు అక్షరాల్లోనే రాశారు. అట్టమీద తెలుగు లిపి చూసి "తెలుగు పుస్తకం" అని ఎక్కిస్తే సవర చరిత్రకి సంబంధించిన ముక్క ఒకటి తెలుగు కుప్పలో పోయినట్టే. పేజీ తెరిచి రెండు వరసలు పైకి చదవండి, మాట అర్థం కాకపోతే సవరేమో అడగండి. గుణుపురం పక్కన మంగేయి గొమాంగో 1936లో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా ఆ ఇళ్లలో దొరకవచ్చు. దాన్ని "తెలియని గుర్తులు" అని పక్కన పడేయకండి.

ఇటు తిప్పితే, సంస్కృతం తెలుగు లిపిలో, ఒడియా లిపిలో రెండిట్లోనూ దొరుకుతుంది. ఒడియా బడిలో చదివిన తెలుగు ఇళ్లలో తెలుగు పాటలు, పెళ్లి లెక్కలు ఒడియా అక్షరాల్లో రాసుకున్న నోటు పుస్తకాలుంటాయి. వీటిని ఇంటివాళ్లే విలువ లేనివనుకుని పాత కాగితాలవాడికి తూకానికి వేస్తున్నారు. ముందు అడగాల్సింది వాటినే.

కచేరీ ఒడియా చాలాసార్లు కరణి రాతలో ఉంటుంది, గొలుసుకట్టు. మామూలు ఒడియా చదవగలిగినవాళ్లకి కూడా అది వెంటనే అందదు. కరణ కుటుంబాల పెద్దవాళ్లలో చదవగలవాళ్లు ఇంకా ఉంటారు.

#10 మహేంద్రతనయ

సంతకాల గురించి ఒక ముక్క. ఒడియా వైపు పత్రాల్లో చదువురానివాళ్లు గీతలు కాకుండా బొమ్మ వేస్తారు. దాన్ని సంతక అంటారు. కరణానికి లేఖని, ఖండాయతుకి కత్తి, గౌడుకి కవ్వం, బ్రాహ్మణుడికి కుశబటువు (దర్భ ఉంగరం). తెలుగు వైపు "నిశాని" అని రాసి గీత గాని గుర్తు గాని పెట్టిస్తారు. ఫొటోలో అంచు కోసేటప్పుడు ఈ బొమ్మ పోకూడదు. పేరు చెరిగిపోయిన చోట ఏ కులమో చెప్పే ఆధారం అదొక్కటే.

#11 వంశధార

తాటాకు పుస్తకాలకి ఫొటో ఎలా తీయాలి? కొన్నిటికి అక్షరాల్లో మసి లేదు, ఖాళీ ఆకులా కనబడుతుంది.

#12 తాటాకు

మసి రాసి చదవాలనుకోకండి. పూర్వం చదువుకునేవాళ్లు నూనెలో కలిపిన మసి రాసి తుడిచేవారు, అది ఇంటివాళ్ల పుస్తకం మీద వాళ్లు చేసుకున్న పని. జాబితా పనిలో ఆకు మీద ఏదీ రాయకూడదు. లైటుతోనే పని అవుతుంది. గది చీకటి చేసి, ఒకే టార్చిని ఆకు ఎడమ పక్కన, బల్లకి దాదాపు తాకేంత కిందుగా పెట్టండి. ఘంటం గీసిన గాడిలో నీడ పడి అక్షరం లేస్తుంది. ఆకు పై అంచు వైపునుంచి లైటు పెట్టి ఇంకొకటి తీయండి. ఎడమ వెలుతురులో కనబడని అడ్డ గీతలు అందులో కనబడతాయి. మసి ఉన్న ఆకులకి మాత్రం రెండు పక్కలా 45 డిగ్రీల్లో రెండు లైట్లు చాలు. ఫ్లాష్ వద్దు, నూనె మెరిసి నడుమ తెల్లమచ్చ పడుతుంది.

ఫోన్‌తో తీస్తే లెక్క చూసుకోండి. ఆకు 40 సెంటీమీటర్లు ఉంటే దాదాపు పదహారు అంగుళాలు. 4000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో అంగుళానికి 250 దాకా మాత్రమే వస్తాయి. చిన్న అక్షరానికి 300 ఉండాలి. కాబట్టి ఒక్కో వైపుని రెండు ముక్కలుగా, నడుమ 3 సెంటీమీటర్లు రెండిట్లోనూ వచ్చేలా తీయండి. పక్కన స్కేలు, రంగుల కార్డు పెట్టండి.

తాడు లాగకూడదు. ఆకు చిల్లు దగ్గరే చిరుగుతుంది. కట్ట బల్ల మీద పెట్టి తాడు వదులు చేసి, ఆకులను ఒక్కొక్కటి పక్కకి జరపండి. తిరగేసే ముందు ఆకుల సంఖ్య (ఎడమ అంచున ఉంటుంది) వరస రాసుకోండి. వరస తప్పిన ఆకులు అలాగే ఉంటే ఆ తప్పు వరసనే ముందు ఫొటో తీయండి, తర్వాత సరిచేయండి. మెత్తని కుంచెతో పొడిగా దులపడం వరకే మనం చేయదగ్గది. అంటుకుపోయిన ఆకులను గోటితో విడదీయకండి.

దాచేటప్పుడు కొత్త గుడ్డని వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టండి. గంజికి పురుగు వస్తుంది. నూలు గుడ్డలో చుట్టి, ఆకు కొలతే ఉన్న చెక్క పలకల మధ్య పెట్టి, తాడు వదులుగా కట్టండి. వస కొమ్ము పొడి చిన్న మూటకట్టి పక్కన ఉంచడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. నాఫ్తలీన్ గోళీలు ఆకుకి తగలకూడదు. పెట్టె నేల మీద కాదు, అరడుగు ఎత్తున, బయటి గోడకి ఆనకుండా ఉండాలి.

#13 గోపాలపూర్_రేవు

మన తీరంలో వానకాలం సంగతి వేరుగా చెప్పాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి కొండల మీద విరుచుకుపడింది. రెండుసార్లూ కాగితాలు పోయింది తడిసినందుకు కాదు, తడిసినవాటిని ఎండలో పరిచినందుకు. ఎండలో కాగితం వంకరపోతుంది, పేజీలు పలకలా అంటుకుంటాయి, సిరా పాకుతుంది. ఇస్త్రీ పెట్టె అసలు వద్దు.

తడిసిన 48 గంటల్లో బూజు మొదలవుతుంది. నీడలో ఫ్యాను కింద, ప్రతి పది పేజీలకి ఒక అచ్చులేని తెల్ల కాగితం పెట్టి, ఆ కాగితం తడవగానే మార్చండి. న్యూస్‌పేపరు పెడితే దాని సిరా అంటుకుంటుంది. చేతికి అందనంత ఎక్కువ ఉంటే చిన్న చిన్న కట్టలుగా ప్లాస్టిక్ సంచుల్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత వీలునుబట్టి ఒక్కొక్కటి తీసి ఆరబెట్టండి. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటే పొడిగా లాగకూడదు. శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచితే వాటంతట అవే విడిపోతాయి, తర్వాత బొమ్మ వైపు పైకి ఉండేలా ఆరబెట్టండి. బూజు పట్టినవాటిని మిగతావాటి నుంచి వేరు గదిలో పెట్టి, ముక్కుకి మాస్కు పెట్టుకుని ముట్టుకోండి.

సెల్లో టేపు అంటించిన దస్తావేజులు చాలా వస్తాయి. టేపు పీకకండి, అక్షరం దానితో లేచిపోతుంది. లామినేషన్ చేయించినవి కూడా అలాగే వదలండి. ఇకపై చేయించవద్దని మాత్రం ఇంటివాళ్లకి గట్టిగా చెప్పండి.

#14 కరకంబాడు

వలస వెళ్లినవాళ్ల కాగితాలూ ఈ జాబితాలోకి రావాలి. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి కూలీలను తీసుకెళ్లిన ఓడల జాబితాల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల పేర్లు విరివిగా ఉన్నాయి. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా మొత్తం 1,52,184 మంది. ఒక్కొక్కరికీ కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. ఊళ్ల పేర్లు గుమస్తా చెవికి వినిపించినట్టు రాశాడు, కాబట్టి ఊరి స్పెల్లింగుతో కాకుండా జిల్లా, తాలూకా వడపోసి, తర్వాత ఊరిని పైకి చదివి పోల్చాలి. శ్రీకాకుళం "చికాకోల్"గానే వెతకండి.

గోపాలపూర్ నుంచి రంగూన్ వెళ్లినవాళ్లకి ఇంత దారి లేదు. చాలామంది మేస్త్రీల (కూలీలను కుదిర్చేవాళ్ల) వెంట వెళ్లారు. వాళ్లకి ఇంట్లో మిగిలిన ఉత్తరాలు, మనియార్డరు రసీదులే ఆధారం. ఆ రసీదుల మీది పోస్టాఫీసు ముద్ర, తారీఖు చదివేలా దగ్గరగా ఇంకో ఫొటో తీయండి.

పర్లాకిమిడి వైపు తెలుగు, సవర క్రైస్తవ కుటుంబాలకి కెనేడియన్ బాప్టిస్టు మిషన్ కాగితాలు ముఖ్యం. అవి కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీ దగ్గరి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కొరాపుట్, జయపురం లూథరన్ సంఘాలది జర్మన్ బ్రెక్లమ్ మిషన్, ఆ కాగితాలు జర్మన్‌లో ఉంటాయి. బాప్తిస్మపు రిజిస్టర్లు మాత్రం ముందు స్థానిక సంఘంలోనే అడగాలి.

#15 సున్నియా

ఒడిశా సరిహద్దు తగాదా కాలపు వినతిపత్రాలు? తెలుగు సంఘాలవి కొన్ని ఇళ్లలో నకళ్లు ఉన్నాయి.

#16 దస్తావేజు

ఒడియా ప్రాంతాలను కలపడం మీద ఫిలిప్-డఫ్ విచారణ 1924లో, సరిహద్దులు తేల్చడానికి ఓడొనెల్ కమిటీ 1931-32లో. రెండిటి ముందూ ఇరు పక్షాలవాళ్లూ వినతిపత్రాలు ఇచ్చారు, సాక్ష్యాలు చెప్పారు. ఇంట్లో దొరికిన నకలు చివర సంతకాల పట్టిక ఉంటే అది వదలొద్దు. ఏ ఊళ్లో ఎవరు తెలుగు పక్షాన నిలిచారో చెప్పే కాగితం అది. 1931 జనాభా లెక్కల భాషా అంకెల మీద అప్పుడే పెద్ద తగాదా నడిచింది. అందుకని ఆ అంకెలు జాబితాలో రాస్తే పక్కన "1931, తాలూకా లెక్క" అని మూలం రాయండి. ఇంటింటి జనాభా పత్రాలు దొరకవు, వాటి కోసం కాలం పోగొట్టుకోకండి. ఊరి స్థాయి అంకెలకి 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు ఉన్నాయి.

చట్టం మాట ఒకటి. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతి 75 ఏళ్లు దాటితే 1972 చట్టం కింద పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు. ఎవరైనా వచ్చి కట్టకి ఇంత అని బేరం పెడితే ఇంటివాళ్లకి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

#17 వంశధార

అందరూ చెప్పినవి కలిపి ఒక నమూనా వరస తయారు చేశాను. తప్పులుంటే చెప్పండి.

వస్తువు: విక్రయ దస్తావేజు, 2 ఆకులు, 4 పేజీలు (వెనకవైపులతో). తారీఖు: 12-2-1928. మూలంలో ఉన్న తారీఖు: విభవ మాఘం, ఫసలీ 1337. భాష: తెలుగు. లిపి: తెలుగు. నాటి జిల్లా: గంజాం, మద్రాసు. నేటి జిల్లా: గజపతి, ఒడిశా. సబ్ రిజిస్ట్రీ ముద్ర: పర్లాకిమిడి. పుస్తకం 1, వాల్యూం, పేజీ, నంబరు. చెక్కుబందీ పేర్లు: 4. సంతకం: నిశాని, బొమ్మ లేదు. స్థితి: మడత దగ్గర చిరుగు, సెల్లో టేపు. అసలు: ఇంటివాళ్ల దగ్గర. ఫొటోలు: టిఫ్, 3 ప్రతులు, ఒకటి వేరే ఊళ్లో.

#18 సున్నియా

బాగుంది. ఫొటో ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో పెట్టండి. ఊరి గుర్తు, ఇంటి వరస నంబరు, వస్తువు నంబరు, పేజీ, ఆ పైన ముందు-వెనక. తెలుగు వివరం పట్టికలో ఉంటుంది. ఇంటి పేరు ఫైలు పేరులో వద్దు, ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే పట్టికలో రాయండి.

#19 తాటాకు

వరసలో ఒక పొరపాటు ఉంది. ఫసలీ 1337 సరే, అది 1927 జూలై నుంచి 1928 జూన్. కానీ విభవ 1928 ఉగాదితో మొదలవుతుంది. ఫిబ్రవరి 12కి ఉగాది ఇంకా రాలేదు, కాబట్టి ప్రభవ మాఘం అయి ఉండాలి. నమూనా కాబట్టి సరేగాని, అసలు కాగితం మీదే విభవ అని ఉంటే మాత్రం దిద్దకండి. ఉన్నదున్నట్టు ఎక్కించి, పక్కన "ప్రభవ ఉండాలి" అని రాయండి.

#20 వంశధార

నమూనాలో తప్పు నాదే, ప్రభవగా మార్చాను. "మూలంలో ఉన్నట్టు", "ఉండాల్సినది" అని రెండు వేరు గడులు పెట్టాను. పాత వరసల్లో మాఘం, ఫాల్గుణం ఉన్నవన్నీ ఈ ఆదివారం మళ్లీ చూస్తాం.